ప్రోటో కోడ్‌ని గుమ్మం దగ్గరే ఆపండి

కోడ్ సందేహాలు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో నాలుగు ఒకే ముడి చుట్టూ తిరుగుతున్నాయి. ప్రోటో ఫైలు (సర్వీసులు ఒకదానికొకటి పంపుకునే మెసేజ్‌ల ఆకారాన్ని రాసిపెట్టే ఫైలు) నుంచి పుట్టే కోడ్‌ని ప్రాజెక్టులో ఎక్కడ ఉంచాలి, ఏ లేయర్ దాన్ని ముట్టుకోవచ్చు, ఏది ముట్టుకోకూడదు అని. మిగతా ప్రశ్నలు వచ్చే నెలకి వాయిదా వేసి, ఈసారి చోటంతా వీటికే ఇస్తున్నాను. మొదటి జవాబు బాగా పొడుగైంది. దాన్ని తగ్గించబుద్ధి కాలేదు.

ప్రశ్న: మేడమ్, మాది గో భాషలో రాసిన సర్వీసు. సరుకుల రవాణా వివరాలు చూసుకుంటుంది. బయటి కాల్ అందుకునే హ్యాండ్లర్, అసలు పని చేసే సర్వీస్, డేటాబేస్‌తో మాట్లాడే రిపాజిటరీ అని మూడు లేయర్లు పెట్టుకున్నాం. బయటి కాల్స్ అన్నీ జీఆర్‌పీసీ (వేరే మిషన్ మీదున్న ఫంక్షన్‌ని నెట్‌వర్కు మీదుగా పిలిచే పద్ధతి) మీదే. ప్రోటోసీ (ప్రోటో ఫైలు నుంచి కోడ్ పుట్టించే కంపైలర్) ఇచ్చిన స్ట్రక్టులనే హ్యాండ్లర్ నుంచి రిపాజిటరీ దాకా పంపుతున్నాం. మా టీమ్‌లోకి కొత్తగా వచ్చిన సీనియర్ ఒకాయన "డొమైన్‌కి, అంటే వ్యాపార నియమాలుండే కోడ్‌కి, మీ సొంత స్ట్రక్టులు రాసుకోండి, హ్యాండ్లర్‌లో మ్యాపింగ్ చేయండి" అంటున్నారు. ఒక్కో మెసేజ్‌లో 30, 40 ఫీల్డులున్నాయి. ఉన్న స్ట్రక్టునే ఇంకో పేరుతో మళ్ళీ రాసి, ఫీల్డు తర్వాత ఫీల్డు అటు నుంచి ఇటు కాపీ కొట్టడం వృథా శ్రమ కాదా?

జవాబు: మీ విసుగు నాకు కొత్త కాదు. 40 ఫీల్డుల మెసేజ్‌ని చేత్తో మ్యాప్ చేయడం ఎవరికీ ఇష్టమైన పని కాదు. అయినా మీ సీనియర్ చెప్పినట్టే చేయమంటాను. పెద్ద పెద్ద సూత్రాలు చెప్పను. నా కళ్ళ ముందు జరిగిన సంగతి ఒకటి చెబుతాను.

కొన్నేళ్ళ కిందట నేను పనిచేసిన చోట అచ్చం మీలాంటి సర్వీసే ఉండేది. షిప్‌మెంట్ వివరాలు మార్చే కాల్ ఒకటి. అందులో చిరునామా, బరువు, పెట్టెల సంఖ్య, ఇంకా బోలెడు ఫీల్డులు. మీలాగే మేమూ ప్రోటో స్ట్రక్టునే రిపాజిటరీ దాకా పంపేవాళ్ళం. అందులో ఏముంటే అది రిపాజిటరీ టేబుల్లో రాసేసేది. చాలాకాలం ఏ గొడవా లేదు. ఎందుకంటే ఆ కాల్‌ని వాడేది ఒకే ఒక్క వెబ్ స్క్రీను, అది ప్రతిసారీ అన్ని ఫీల్డులూ నింపి పంపేది. తర్వాత మొబైల్ టీమ్ వాళ్ళు చిరునామా ఒక్కటే మార్చుకునే చిన్న స్క్రీను చేశారు. ఐడీ, కొత్త చిరునామా, అంతే పంపారు. బరువుతో వాళ్ళకి పనిలేదు, అందుకే నింపలేదు.

ప్రోటో3లో (ప్రోటో భాష మూడో రూపంలో) మామూలు ఇంట్32, అంటే పూర్ణ సంఖ్య ఫీల్డుని నింపకపోయినా, సున్నా అని నింపినా వైరు మీద, అంటే నెట్‌వర్కులో వెళ్ళే బైట్లలో తేడా ఉండదు. రెండుసార్లూ ఏమీ వెళ్ళదు. అవతలివాళ్ళు చదివితే రెండుసార్లూ 0 వస్తుంది. మా రిపాజిటరీ ఆ 0ని తీసుకెళ్ళి బరువు కాలమ్‌లో రాసింది. ఎర్రర్ లేదు, అలర్ట్ లేదు, టెస్టులన్నీ పాస్. మర్నాడు బండ్లకి లోడు పంచే ప్రోగ్రాం ఆ సరుకుకి బరువే లేదనుకుని ఒక్క బండికే మోయలేనంత కేటాయించింది. లోడు ఎక్కించేచోట మనిషి ఉండి, చూసి ఆపాడు కాబట్టి సరిపోయింది. ఆడిట్ టేబుల్లోంచి పాత బరువులు వెతికి ఒక్కొక్కటే వెనక్కి పెట్టేసరికి మాకు తెల్లవారింది.

తప్పెవరిదని మూడు రోజులు మాట్లాడుకున్నాం. మొబైల్ టీమ్‌ది కాదు. రిపాజిటరీ రాసినతనిదీ కాదు, ఇచ్చింది రాయడమే దాని పని. ఈ ఫీల్డు రాకపోతే ఏం చేయాలి అని అడగాల్సిన చోటే మా కోడ్‌లో లేదు. మీరు కాపీ అంటున్నది ఆ చోటునే. మ్యాపింగ్‌లో ఒక్కో లైను రాస్తున్నప్పుడు ఒక్కో ప్రశ్నకి జవాబు చెప్పాల్సి వస్తుంది: ఇది రాకపోవచ్చా? వస్తే ఎంతలోపు ఉండాలి? మాకు తెలియని విలువ వస్తే? 40 లైన్లలో 30 నిజంగానే ఉత్త కాపీలు. మిగిలిన 10 లైన్ల కోసమే ఈ శ్రమంతా, ఆ 10 ఏవో ముందుగా ఎవరికీ తెలియదు.

మేం చేసిన మరమ్మతు ఇది. ప్రోటోలో బరువుకి ముందు ఆప్షనల్ అని పెట్టాం. ప్రోటో3లో మొదట ఈ మాటే లేదు. 2021లో వచ్చిన ప్రోటోసీ 3.15 నుంచి ప్రత్యేక ఫ్లాగు ఏదీ ఇవ్వకుండానే పనిచేస్తోంది. దాంతో గోలో ఆ ఫీల్డు పాయింటర్‌గా మారింది, రాకపోతే నిల్ (ఖాళీ). హ్యాండ్లర్‌లో ఆ నిల్‌ని చూసి, డొమైన్‌కి "బరువు మార్చమని అడగలేదు" అని చెప్పాం. డొమైన్‌లో బరువు అనేది ఉత్త సంఖ్య కాదు, అదొక టైపు. దాన్ని కట్టే ఫంక్షనే సున్నానీ రుణ సంఖ్యనీ తిప్పికొడుతుంది. ఇక రిపాజిటరీ దాకా తప్పుడు బరువు వెళ్ళడానికి దారే లేదు.

ఈనమ్‌ల (పేర్లు పెట్టిన విలువల జాబితాల) విషయంలో ఇంకో చిక్కు ఉంది. ప్రోటో3 ఈనమ్‌లో మొదటి విలువ 0 అయి తీరాలి, దానికి అన్‌స్పెసిఫైడ్ అని పేరు పెట్టడం వాడుక. అది వైరుకి కావాల్సిన విలువ. మీ షిప్‌మెంట్‌కి "చెప్పలేదు" అనే స్థితి ఏనాడైనా ఉంటుందా? బయల్దేరింది, దారిలో ఉంది, చేరింది, అంతే కదా. ప్రోటో ఈనమ్‌ని డొమైన్‌లోకి రానిచ్చారంటే ఆ 0 కూడా వెంట వస్తుంది, మీ ప్రతి స్విచ్‌లోనూ దాని కోసం ఒక కేసు రాసుకోవాల్సి వస్తుంది. పైగా ప్రోటో3 ఈనమ్‌లకి తలుపుండదు. రేపు మీ క్లయింటు కొత్త ప్రోటోతో 7 అనే విలువ పంపితే, పాత కోడ్‌తో ఉన్న మీ సర్వీసు దాన్ని కిమ్మనకుండా 7గానే తీసుకుంటుంది. జావాలో అయితే అన్‌రికగ్నైజ్డ్ అనైనా కనిపిస్తుంది. గోలో అదొక ఇంట్32, అంతే. హ్యాండ్లర్‌లోని స్విచ్‌లో డిఫాల్ట్ కేసు పెట్టి, తెలియని విలువకి ఇన్‌వాలిడ్ ఆర్గ్యుమెంట్ అని వెనక్కి పంపేయండి. ఆ పని ఒక్కచోట జరిగితే చాలు.

ఇంకో చిన్న సంగతి. మీరు గోలో రాస్తున్నారు కాబట్టి కోడ్‌లో తప్పులు వెతికే గో వెట్ నడిపే ఉంటారు. ప్రోటో స్ట్రక్టుని పాయింటర్ లేకుండా ఒక వేరియబుల్‌లోకి కాపీ చేసి చూడండి. లాక్‌ని కాపీ చేస్తున్నావు, లోపల మ్యూటెక్స్ ఉంది అని గోల పెడుతుంది. టెస్టులో రెండు ప్రోటో స్ట్రక్టులు సమానమా అని రిఫ్లెక్ట్ డీప్‌ఈక్వల్‌తో పోల్చితే, బయటికి కనిపించే ఫీల్డులన్నీ ఒకటే అయినా కాదనే అవకాశం ఉంది, ఎందుకంటే లోపల సైజు క్యాషు లాంటి దాచిన ఫీల్డులున్నాయి. అందుకే ప్రోటో ఈక్వల్ అనే వేరే ఫంక్షన్ ఉంది. నాకు ఇది లోపంగా అనిపించదు. మెసేజ్‌ని వైరు మీదికి ఎక్కించడానికీ దించడానికీ తయారైన వస్తువు అది. ఆ పనికి అది చక్కగా సరిపోతుంది. మీ వ్యాపార నియమాలు మోయడానికి మాత్రం పుట్టలేదు.

ఈ ఆలోచన నిన్నమొన్నటిది కాదు. ఆర్‌పీసీ (రిమోట్ ప్రొసీజర్ కాల్) మీద బిరెల్, నెల్సన్ 1984లో రాసిన వ్యాసం ఇప్పటికీ చదివి తీరాల్సిందే. జిరాక్స్ పార్క్‌లో వాళ్ళు కట్టిన వ్యవస్థలో ఒక కాల్‌కి అయిదు ముక్కలుండేవి: పిలిచే ప్రోగ్రాం, దాని స్టబ్ (కాల్‌ని మెసేజ్‌గా మార్చే ముక్క), మధ్యలో ఆర్‌పీసీ రన్‌టైమ్, అవతలి స్టబ్, అసలు పని చేసే ప్రోగ్రాం. స్టబ్‌లని లూపైన్ అనే ప్రోగ్రాం తయారుచేసేది. రెండు చివర్లా ఉన్న ప్రోగ్రాములని మనిషి రాసేవాడు. ఇక్కడ నాకు బాగా నచ్చిన సంగతి ఒకటుంది. లూపైన్ స్టబ్‌లని పుట్టించింది ప్రోగ్రామర్ మీసా భాషలో అప్పటికే రాసుకున్న ఇంటర్‌ఫేసు నుంచి. అంటే ప్రోగ్రాం టైపులు ముందు, స్టబ్ తర్వాత. ఇప్పుడు మనం ముందు ప్రోటో రాసి, దాన్నుంచి టైపులు పుట్టిస్తున్నాం. వరస తిరగబడింది. అందుకే ప్రోటోసీ ఇచ్చిన టైపులే మన సొంత టైపులని భ్రమపడుతున్నాం. అవి స్టబ్‌లో భాగం. వాటి చోటు ఇప్పటికీ స్టబ్ పక్కనే.

సరే, ఫోల్డర్ల సంగతికొద్దాం. నేను పెట్టుకునే పద్ధతి చెబుతాను. ప్రాజెక్టు పైన ప్రోటో అనే ఫోల్డరు, లోపల సర్వీసు పేరు, దాని లోపల వీ1 (మొదటి వెర్షన్). చేత్తో రాసే ప్రోటో ఫైళ్ళు అక్కడే. జెనరేటైన ఫైళ్ళు జెన్ అనే వేరే ఫోల్డర్లో, లోపల అవే పేర్లు. రెండూ ఒకేచోట కలపను. జెన్ ఫోల్డరుని ఎప్పుడైనా మొత్తం చెరిపేసి మళ్ళీ పుట్టించగలగాలి, అందులో చేత్తో రాసిన ఫైలు ఒక్కటి కూడా ఉండకూడదు. చాలామంది అక్కడే ఒక సహాయ ఫంక్షన్ ఫైలు పెడతారు, ఒక రోజు ఎవరో చెరిపేస్తే అది పోతుంది. ఇక ఇంటర్నల్ ఫోల్డరు కింద డొమైన్, యూజ్‌కేస్ (మీ సర్వీస్ లేయర్), స్టోర్ (మీ రిపాజిటరీ), జీఆర్‌పీసీ అని నాలుగు. ఈ నాలుగింట్లో జెన్‌ని ఇంపోర్ట్ చేసే హక్కు జీఆర్‌పీసీకి మాత్రమే ఉంటుంది. హ్యాండ్లర్లూ మ్యాపింగ్ ఫంక్షన్లూ అక్కడే. మ్యాపింగ్‌కి వేరే ప్యాకేజీ వద్దు, హ్యాండ్లర్ పక్కనే ఇంకో ఫైలు చాలు.

హక్కు అని ఊరికే అనుకుంటే నిలబడదు. పని ఒత్తిడి ఉన్న రోజు ఎవరో ఒకరు రిపాజిటరీలో ఇంపోర్ట్ లైను రాసేస్తారు, రివ్యూలో ఎవరూ చూడరు. దాన్ని మిషన్ చేత పట్టించండి. గోలో అయితే గోలాంగ్‌సీఐ-లింట్‌లోని డెప్‌గార్డ్, జావాలో ఆర్క్‌యూనిట్, పైథాన్‌లో ఇంపోర్ట్-లింటర్ ఈ పనికి ఉన్నాయి. గోలో ఇంకా గట్టి దారి ఒకటుంది. ఇంటర్నల్ అనే పేరున్న ఫోల్డరులోని ప్యాకేజీని, ఆ ఫోల్డరు ఏ ఫోల్డరు కింద ఉందో అక్కడి కోడ్ మాత్రమే ఇంపోర్ట్ చేయగలదు. కంపైలరే ఒప్పుకోదు. జెన్ ఫోల్డరుని తీసుకెళ్ళి జీఆర్‌పీసీ ఫోల్డరు లోపల మరో ఇంటర్నల్ కింద పెట్టారనుకోండి, రిపాజిటరీ నుంచి ఇంపోర్ట్ చేసిన మరుక్షణం బిల్డ్ ఆగిపోతుంది. దీనికి ఒకటే చిక్కు: వేరే టీమ్ వాళ్ళు మీ క్లయింటు కోడ్‌ని మీ గిట్ రిపో నుంచి తీసుకోలేరు. వాళ్ళు తీసుకోవాలంటే జెన్ పైనే ఉండాలి, అప్పుడు డెప్‌గార్డే దిక్కు.

మీ ఉత్తరంలో లేని ఒక మాట. హ్యాండ్లర్ నుంచి ఉత్త గో ఎర్రర్‌ని అలాగే రిటర్న్ చేస్తున్నారేమో చూడండి. జీఆర్‌పీసీ దాన్ని అన్‌నోన్, అంటే కోడ్ 2 చేసి, ఎర్రర్‌లోని వాక్యాన్ని ఉన్నదున్నట్టు క్లయింటుకి పంపేస్తుంది. డేటాబేస్ ఎర్రరయితే మీ టేబుల్ పేరు, కన్‌స్ట్రెయింట్ పేరు ఊరంతా చూస్తారు. డొమైన్ ఎర్రర్లని స్టేటస్ కోడ్‌లుగా మార్చే ఫంక్షన్ ఒకటి జీఆర్‌పీసీ ఫోల్డర్లోనే ఉంచండి. దొరకలేదంటే నాట్ ఫౌండ్, ఇప్పుడున్న స్థితిలో ఆ పని కుదరదంటే ఫెయిల్డ్ ప్రీకండిషన్, తెలియనిదేదైనా లాగ్‌లో రాసుకుని బయటికి ఇంటర్నల్ అనే కోడ్ మాత్రమే. మొత్తం కోడ్‌లు 0 నుంచి 16 దాకా 17 ఉన్నాయి, మామూలు సర్వీసుకి అందులో ఏడెనిమిది మించి అక్కర్లేదు. డొమైన్ మాత్రం స్టేటస్ ప్యాకేజీ పేరు కూడా ఎత్తకూడదు.

40 ఫీల్డులూ చేత్తో రాశాక, రేపు ప్రోటోలో 41వది చేరుతుంది, మ్యాపింగ్‌లో దాన్ని ఎవరూ రాయరు. ఇది నిజమైన ప్రమాదం, దీనికి మందు ఉంది. టెస్టులో మెసేజ్ డిస్క్రిప్టర్‌ని తీసుకుని అందులోని ఫీల్డు పేర్లన్నీ చదవండి. మీరు చేత్తో రాసుకున్న జాబితాతో పోల్చండి. కొత్త ఫీల్డు రాగానే టెస్టు ఫెయిలవుతుంది. మ్యాపింగ్ రాసినవాళ్ళు జాబితాలో ఆ పేరు చేరుస్తారు, లేదా కావాలనే వదిలేశామని రాస్తారు. 20 లైన్ల టెస్టు ఇది. ఫీల్డు పేర్లు చూసి మ్యాపింగ్‌ని తనే రాసిపెట్టే లైబ్రరీలు ఉన్నాయి కానీ, నేను వాడను. ఆలోచించాల్సిన ఆ 10 లైన్లని కూడా అవి కాపీ చేసి పారేస్తాయి.

మ్యాపింగ్ వల్ల వేగం తగ్గుతుందా అని అడగబోతున్నారేమో. నెట్‌వర్కు మీద ఒకసారి వెళ్ళిరావడానికి పట్టే సమయంతో పోలిస్తే 40 ఫీల్డుల కాపీ లెక్కలోకి రాదు.

అన్ని సర్వీసులకీ ఇది కావాలా అంటే, వద్దు. ఒక కాల్ తీసుకుని, టోకెన్ సరిచూసి, అదే మెసేజ్‌ని వెనకున్న సర్వీసుకి అందించే గేట్‌వే అయితే దానికి సొంత నియమాలంటూ ఏమీ లేవు. అక్కడ డొమైన్ స్ట్రక్టులు రాస్తే నిజంగానే వృథా శ్రమ. మీ సర్వీసు అలాంటిది కాదు, బరువులూ స్థితులూ దాని చేతిలో ఉన్నాయి. ఒక్కసారే అంతా మార్చకండి. డేటాని మార్చే కాల్స్‌తో మొదలుపెట్టండి, ఊరికే చదివి ఇచ్చేవి తర్వాత చూసుకోవచ్చు. వీ2 రాయాల్సి వచ్చిన రోజు ఈ శ్రమ విలువ తెలుస్తుంది: జీఆర్‌పీసీ ఫోల్డర్లో వీ1, వీ2 మ్యాపింగులు పక్కపక్కన ఉంటాయి, రెండూ ఒకే డొమైన్‌ని పిలుస్తాయి, డొమైన్‌లో ఒక్క లైను కదలదు.

ప్రశ్న: మేం వేరే టీమ్ వాళ్ళ చిరునామాల సర్వీసుని పిలుస్తాం. వాళ్ళ ప్రోటో నుంచి వచ్చిన క్లయింటుని మా సర్వీస్ లేయర్‌లోకి నేరుగా ఇంజెక్ట్ చేశాం. గోలో ఆ క్లయింటు ఎలాగూ ఇంటర్‌ఫేసే కదా, టెస్టుల్లో మాక్ చేసుకుంటున్నాం (అసలుదాని బదులు దొంగది పెడుతున్నాం). ఇందులో తప్పేమైనా ఉందా మేడమ్?

జవాబు: ఇంటర్‌ఫేసే, కానీ ఎవరి ఇంటర్‌ఫేసు? వాళ్ళది. వాళ్ళ సర్వీసులో 14 కాల్స్ ఉంటే అందులో 14 మెథడ్లూ ఉంటాయి, మీకు కావాల్సింది ఒకటి. రేపు వాళ్ళు 15వది చేరిస్తే, మీరు చేత్తో రాసుకున్న మాక్ కంపైల్ కాదు. పైగా ఆ మెథడ్ సిగ్నేచర్‌లోనే జీఆర్‌పీసీ కాల్ ఆప్షన్లున్నాయి. మీ సర్వీస్ లేయర్ చదివేవాళ్ళకి వైరు కనిపిస్తూనే ఉంటుంది.

మీ సర్వీస్ లేయర్ పక్కనే మీ మాటల్లో ఒక చిన్న ఇంటర్‌ఫేసు రాసుకోండి: ఈ పిన్‌కోడ్‌కి డెలివరీ ఉందా, ఉంటే ఎన్నాళ్ళు పడుతుంది. ఒకే మెథడ్. దాన్ని అమలుచేసే స్ట్రక్టు వేరే ఫోల్డర్లో ఉంటుంది, వాళ్ళ జెనరేటెడ్ క్లయింటుని అదొక్కటే పట్టుకుంటుంది.

ఇందులో అసలు లాభం ఎర్రర్ల దగ్గర ఉంది, ఇది నిదానంగా చదవండి. మీ క్లయింటు మిమ్మల్ని ఒక షిప్‌మెంట్ అడిగాడు. మీరు చిరునామాల సర్వీసుని పిలిచారు. అక్కడ ఆ చిరునామా లేదు, నాట్ ఫౌండ్ వచ్చింది. మీరు ఆ ఎర్రర్‌ని అలాగే పైకి రిటర్న్ చేశారు. గో జీఆర్‌పీసీలో ఆ ఎర్రర్ తన స్టేటస్‌ని తనతోపాటే మోసుకెళ్తుంది. మీ హ్యాండ్లర్ నుంచి కూడా నాట్ ఫౌండ్ అనే బయటికి పోతుంది. మీ క్లయింటు దాన్ని చూసి షిప్‌మెంటే లేదనుకుంటాడు. నేను చూసిన ఒకచోట ఇలాంటి జవాబు నమ్మి అవతలివాళ్ళు తమ దగ్గరున్న రికార్డుని చెరిపేసుకున్నారు. షిప్‌మెంట్ భేషుగ్గా ఉంది. ఎక్కడో లోపల ఒక చిరునామా లేదు, అంతే. మధ్యలో మీ స్ట్రక్టు ఉంటే ఆ నాట్ ఫౌండ్ మీ భాషలోకి "చిరునామా తెలియదు" అని మారుతుంది. దాన్ని బయటికి ఏ కోడ్‌గా పంపాలో మీ హ్యాండ్లర్ నిర్ణయిస్తుంది.

డెడ్‌లైన్ కూడా ఆ స్ట్రక్టులోనే పెట్టండి. మీరు పెట్టకపోతే జీఆర్‌పీసీ తనంతట తాను పెట్టదు, అవతలివాళ్ళు జవాబివ్వకపోతే కాల్ అలా వేలాడుతూనే ఉంటుంది.

ప్రశ్న: స్ట్రీమింగ్ కాల్స్‌కి (ఒకే కాల్‌లో చాలా మెసేజ్‌లు వరసగా వెళ్ళేవాటికి) కూడా ఇదే పద్ధతా? హ్యాండ్లర్‌కి వచ్చే స్ట్రీమ్ ఆబ్జెక్టుని లోపలికి ఇవ్వకుండా పని ఎలా జరుగుతుందో అర్థం కావడం లేదు.

జవాబు: స్ట్రీమ్‌ని ఇవ్వకండి, ఒక ఫంక్షన్ ఇవ్వండి. యూజ్‌కేస్ ఒక్కో డొమైన్ వస్తువు తయారైనప్పుడల్లా ఆ ఫంక్షన్‌ని పిలుస్తుంది. ఫంక్షన్ లోపల హ్యాండ్లర్ దాన్ని ప్రోటోలోకి మార్చి స్ట్రీమ్‌లో సెండ్ చేస్తుంది. సెండ్‌లో ఎర్రర్ వస్తే అదే ఫంక్షన్ నుంచి వెనక్కి వస్తుంది, యూజ్‌కేస్ ఆగిపోతుంది. టెస్టులో ఆ ఫంక్షన్ ఒక స్లైస్‌లోకి చేరుస్తూ పోతే చాలు, దొంగ స్ట్రీమ్ రాసే పని తప్పుతుంది. జాబితా పెద్దదవుతోందని స్ట్రీమింగ్‌కి మారారనుకుంటాను. మారకపోతే వచ్చే మెసేజ్‌కి ఉన్న 4 ఎంబీ డిఫాల్ట్ పరిమితి ఏదో ఒక రోజు మీకు తగిలేదే.

ప్రశ్న: జెనరేటెడ్ కోడ్‌ని గిట్‌లో కమిట్ చేయాలా వద్దా? మా జావా వాళ్ళు వద్దంటారు, గో వాళ్ళు చేయాలంటారు. ఏటా ఈ వాదన మళ్ళీ మొదలవుతుంది.

జవాబు: ఇద్దరూ ఎవరి ఇంటి సంగతి వాళ్ళు చెబుతున్నారు. మేవెన్, గ్రేడిల్ బిల్డ్ చేస్తూ ప్రోటోసీని తామే నడపగలవు. కోడ్ టార్గెట్ లేదా బిల్డ్ ఫోల్డర్లో పుట్టి అక్కడే పోతుంది, కమిట్ అక్కర్లేదు. గోలో మీ మాడ్యూల్‌ని ఎవరైనా తెచ్చుకుంటే మధ్యలో ప్రోటోసీని నడిపే మెట్టే లేదు, ఫైళ్ళు రిపోలో ఉంటేనే వాళ్ళకి కంపైల్ అవుతుంది. కాబట్టి ఒకే రిపోలో జావాకి కమిట్ చేయకుండా, గోకి చేస్తే తప్పులేదు.

కమిట్ చేసేచోట రెండు జాగ్రత్తలు. గో ఫైళ్ళ తలమీద ప్రోటోసీ వెర్షనూ ప్లగిన్ వెర్షనూ అచ్చవుతాయి. ఇద్దరి మిషన్లలో వేర్వేరు వెర్షన్లుంటే ఒక్క ఫీల్డు మారకపోయినా ప్రతి పుల్ రిక్వెస్టులో ఫైళ్ళన్నీ మారినట్టు కనిపిస్తాయి. వెర్షన్లని రిపోలోనే పిన్ చేయండి, బఫ్ లాంటి సాధనంతోనో కంటైనర్ ఇమేజ్‌తోనో. రెండోది, సీఐలో (కోడ్ చేరినప్పుడల్లా బిల్డూ టెస్టులూ నడిపే ఏర్పాటులో) ఒక మెట్టు పెట్టండి: జెన్ ఫోల్డరుని చెరిపేయి, మళ్ళీ పుట్టించు, గిట్ డిఫ్‌లో ఏమైనా మిగిలితే బిల్డ్ ఆపు. ప్రోటో మార్చి జెనరేట్ చేయడం మర్చిపోయినవాళ్ళూ, డు నాట్ ఎడిట్ అని తలమీద రాసి ఉన్నా లోపల చేయిపెట్టినవాళ్ళూ అక్కడే దొరుకుతారు. అదే మెట్టులో బఫ్ బ్రేకింగ్ కూడా నడిపితే, తీసేసిన ఫీల్డు నంబరుని రిజర్వ్ చేయకుండా ఇంకో ఫీల్డుకి వాడుతుంటే ముందే పట్టేస్తుంది. మీ గో వాళ్ళకీ జావా వాళ్ళకీ ప్రోటో ఫైలు ఒకటే కాబట్టి ఈ చివరి చెక్ ఇద్దరికీ కలిపి ఒక్కసారి నడిపితే సరిపోతుంది.